పప్పులో కన్నేసిన కృపారావు

పలాసలో కెర్నెల్ అంటే జీడిపప్పు. ఆ మాటకి అక్కడ ఇంకో అర్థం చెల్లదు. పిక్క పగలగొట్టి పొట్టు తీస్తే మిగిలేది కెర్నెల్. ఎగుమతి కాగితాల మీద ఎక్కేదీ అదే, కాశీబుగ్గ బజార్లో బేరం తెగేదీ అదే. కంప్యూటరు కడుపులో కూడా ఒక కెర్నెల్ ఉంటుందనీ, దానిక్కూడా పురుగు పడుతుందనీ, ఆ పురుగుని పట్టడం కూడా ఒక బతుకుతెరువేననీ ఆ ఫ్యాక్టరీలో మొదట చెప్పినవాడు కృపారావు. అతను రాజాం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు చూసుకుంటాడు. ఆ సోమవారం బస్సులు మారి, వానలో నాని, భుజాన ల్యాప్‌టాప్ సంచీతో జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు దాటేసరికి, అక్కడ జరిగిన మర్యాద చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

గ్రేడింగు హాల్లో బల్లలన్నీ దగ్గరికి జరిపి, వాటి మీద తళతళలాడే స్టీలు ట్రేలు బారుగా పేర్చి ఉన్నాయి. ప్రతి ట్రేలోనూ పప్పు.

"సూసుకో," అన్నాడు యజమాని నరసింగరావు. "గుండు వేరు, బద్ద వేరు, ముక్క వేరు. ఇంకా ఏటైనా కావాలా?"

"ఏటండి ఇవి?"

"ఫోన్లో నువ్వడిగినవే. నానొచ్చి కెర్నెల్ ట్రేస్ తీస్తాను, అది కంపెనీకి పంపితే నమ్ముతారన్నావు కదా. మేవే తీసి ఉంచినాం. నీ పని తగ్గిపోనాది."

కృపారావు సంచీ దించి తల తుడుచుకున్నాడు. "ట్రేస్ అంటే ట్రేలు కాదండి. జాడ. లోపల ఏ పని ఎటునుంచి ఎటు పోయిందో అడుగుజాడ పట్టడం."

"మరి కెర్నెల్ అన్నావు?"

"అది కూడా పప్పు కాదండి."

"పలాస వొచ్చి కెర్నెల్ అంటే పప్పు కాదన్నోడివి నువ్వొక్కడివే," అన్నాడు నరసింగరావు.

అందరూ కలిసి పప్పులో కాలేశారని తేలాక హాలంతా నవ్వింది. పొద్దున్నే వచ్చి ఆ ట్రేలన్నీ తోమిన ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. వాళ్ళలో కృపారావు అక్క లీలారాణి ఉంది. తడిచేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ తమ్ముడి వంక చూసింది. ఆ చూపుకి అర్థం కృపారావుకి తెలుసు. నవ్వులు తరవాత, ముందు పని చూడు అని.

పని హాలు చివర అద్దాల గదిలో ఉంది. ఆ గదికి ఏసీ పెట్టించి మరీ కొత్త యంత్రాన్ని కూర్చోబెట్టారు. పప్పు బెల్టు మీద పోతుంటే కెమెరా చూస్తుంది. మచ్చ కనబడితే గొట్టంలోంచి గాలి తుస్సుమని ఊది ఆ గింజని పక్క డబ్బాలోకి తోస్తుంది. ఇన్నాళ్ళూ బల్లల చుట్టూ కూర్చుని ఆడవాళ్ళు కంటితో చూసి వేలితో తోసిన పనే అది. యంత్రం వచ్చిన రోజే బల్లలు ఎత్తేసేవారు గానీ, దానికొక జబ్బుంది. ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. తెర మీద బొమ్మ కదలదు, గొట్టం ఊదదు, బెల్టు మాత్రం ఆగదు. మంచీ చెడూ కలిసి ఒకే డబ్బాలో పడతాయి. దాన్ని కంపెనీవాళ్ళు 'హ్యాంగ్' అంటారు. బల్ల దగ్గర కూర్చునే అసిరమ్మ అదే మాటని తిన్నగా తెలుగులోకి దించి "మళ్ళీ ఉరేసుకున్నాది" అంటుంది. యంత్రం ఉరేసుకున్న ప్రతిసారీ ఆడవాళ్ళకి ఊపిరాడేది. ఇళ్ళకి కబురెళ్ళేది, కలిసిపోయిన పప్పు ఏరడానికి రమ్మని.

తిత్లీ తుఫాను తోటల్ని నేలకి పడుకోబెట్టిన మరుసటి ఏడు అది. ఊరి పిక్క లేదు, ఆఫ్రికా పిక్క ఓడలెక్కి వస్తోంది. తోటల్లో కూలి లేదు, కొబ్బరి లేదు. బల్ల పోతే ఆ ఆడవాళ్ళకి వేరే దారి లేదు.

నరసింగరావు చెడ్డవాడు కాదు. అందరూ సావుకారు అంటారు. ఆ పిలుపులో సావూ కారూ రెండూ ఉన్నాయి గానీ ఆయన దగ్గరున్నది పాత కారు మాత్రమే. యంత్రం మొరాయిస్తోందని కంపెనీకి మొర పెట్టుకుంటే, మా యంత్రంలో లోపం లేదు, మీ దుమ్ము, మీ కరెంటు, మీ మనుషులు అన్నారు. లోపం లోపలే ఉందని లోపలి నుంచి రుజువు తెస్తే వాపసు తీసుకుంటామన్నారు. ఆ గడువు ఈ శనివారంతో సరి. వాపసు పోతే బల్లలు మునుపట్లాగే నడుస్తాయని నరసింగరావు లీలారాణితో అన్నాడు. అన్న సాయంత్రమే ఆవిడ తమ్ముడికి ఫోను చేసింది.

"మేవు సెప్తే ఎవలింటార్రా? మెషినీ పాడని మేవు అంటే, పని పోతాదని అంటన్నారంటారు. నువ్వొచ్చి దాని సేతే సెప్పించు."

"ఎలా చెప్పిస్తానక్కా, అదేవన్నా మనిషా?"

"ఆదివారం ప్రార్థన మందిరంలో పాపులే లెగిసి సాక్ష్యం సెప్తన్నారు. మెషినీ సెప్పదా?"

అమ్మ పోయాక ఆవిడ ఆ బల్ల దగ్గరి కూలితోనే తమ్ముణ్ణి చదివించింది. కృపారావు కాలేజీకి సెలవు పెట్టాడు.

యంత్రం లోపల ఉన్నది లినక్స్. దాని పెత్తనం చేతికి రావాలంటే రూట్ పాస్‌వర్డ్ కావాలి. "రూట్ కావాలండి," అంటే నరసింగరావు కాశీబుగ్గ స్టాండు మీదుగా ఎలా వెళ్ళాలో చెప్పడం మొదలెట్టాడు. చివరికి కంపెనీ ఇంజనీరుతో మాట్లాడించి పాస్‌వర్డ్ సంపాదించేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఇంజనీరు ఎక్కడో దూరాన కూర్చున్న మెత్తటి గొంతు. "తప్పకుండా చూడండి సర్. చూశాక మీ లాగ్స్ అన్నీ మాకు పంపండి," అన్నాడు. ఫోను స్పీకర్లో ఉంది.

"ఆడికి మన లాగుల్తో ఏటి పని?" అంది అసిరమ్మ.

కృపారావు పనిలోకి దిగాడు. లినక్స్ కెర్నెల్లోనే జాడ తీసే పనిముట్టు ఒకటి నిద్రపోతూ ఉంటుంది, పేరు ఎఫ్‌ట్రేస్. ముందు దాని తలుపు తెరవాలి. మూసి ఉన్న డీబగ్ ఫైళ్ళ అరని మౌంట్ చేసి తెరిచాడు. కెమెరాని నడిపే డ్రైవరు, గాలి గొట్టాలని నడిపే డ్రైవరు, ఈ రెండిటి పనులన్నిటినీ ఏరి నిఘాకి ఎక్కించాడు. ఇకమీదట ఏ పని ఎప్పుడు లోపలికెళ్ళి ఎప్పుడు బయటికొచ్చిందో వరసగా నమోదవుతుంది. యంత్రం బిగుసుకుపోతే ఆ నమోదు కూడా లోపలే చచ్చిపోతుంది కాబట్టి, ఒక కేబుల్ వేసి ఎప్పటికప్పుడు తన ల్యాప్‌టాప్‌లోకి మళ్ళించాడు. ఆఖరి వరస ఏ పని దగ్గర ఆగిపోతే ఆ పనే దోషి. కంపెనీ నోరు మూయించడానికి ఆ ఒక్క వరస చాలు.

లీలారాణి అద్దం తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. తెర మీద వరసలు పరిగెడుతున్నాయి.

"ఇదేటి రాస్తన్నాది?"

"గేటు దగ్గర వాచ్‌మన్ లేడూ? వచ్చినవాళ్ళ పేరూ పోయినవాళ్ళ పేరూ రాసుకుంటాడు. అలాంటివాణ్ణి పెట్టానక్కా, లోపల గుమ్మం గుమ్మానికీ."

"దీన్ని బాగుసేస్తన్నావా?"

"లేదు, ఉట్టినే చూస్తున్నాను. చూస్తే బాగైపోదు. చచ్చేటప్పుడు ఎక్కడ చచ్చిందో చెబుతుంది, అంతే."

"అయితే సావనీ," అంది లీలారాణి.

ఒక యంత్రం ఎప్పుడు చస్తుందా అని కాచుకు కూర్చోవడం కృపారావుకి కొత్త. కాలేజీలో ఎన్నోవాటిని బతికించాడు. ఇక్కడ స్టూలు మీద కూర్చుని, బెల్టు వంకా తెర వంకా మార్చి మార్చి చూస్తూ, ఉరి కోసం ఉరికే మనసుతో ఎదురు చూశాడు. అద్దానికి అవతల ఆడవాళ్ళు ఖాళీ బల్లల దగ్గర చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నారు. సోమవారం చావలేదు. మంగళవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గింజ తప్పకుండా ఏరింది. అంతకుముందు పూట పూటకీ బిగుసుకునేదల్లా, కొత్త కోడలిలా తల వంచుకుని పని చేసుకుపోతోంది.

"బావా, నువ్వు ఎదురుగుంటే సిగ్గుపడతన్నాది," అంది అసిరమ్మ వరస కలిపి. "పెళ్ళిసూపులకి కూకున్నట్టు కూకున్నాది సూడు. అలగ ఎల్లిరా ఓసారి, అప్పుడు దాని బుద్ధి బయటపడతాది."

అది వేళాకోళమే. కానీ బుధవారం మధ్యాహ్నం అక్క తెచ్చిన అన్నం నోట్లో పెట్టుకోబోతూ కృపారావు ఆగిపోయాడు. ముద్ద విస్తట్లో వదిలేసి వెళ్ళి, ట్రేసింగ్ ఆపేశాడు. వచ్చి అన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కునేలోగానే అద్దాల గదిలో తెర బిగుసుకుపోయింది.

హాల్లో ఆడవాళ్ళంతా లేచి నిలబడ్డారు. కానీ ల్యాప్‌టాప్‌లో ఏమీ లేదు. చూడనప్పుడు చచ్చినదానికి జాడ ఎక్కడిది?

తిరిగి లేపి, ట్రేసింగ్ పెట్టాడు. సాయంత్రం దాకా నడిచింది. నిఘా తగ్గించి చూశాడు, కొన్ని పనుల మీదే ఉంచి. అయినా నడిచింది. ఇంకా తగ్గించాడు; అప్పుడు బిగుసుకుంది, కానీ బిగుసుకున్న చోటు అతను నిఘా తీసేసిన చోటే అయింది. కుప్పకూలితే లోపలి జ్ఞాపకమంతా ఒక ఫైలులోకి దించే ఏర్పాటు కూడా చేసి చూశాడు. ఆ మొండిఘటం కుప్పకూలదు, నిలువునా కొయ్యబారిపోతుంది. కొయ్యబారినదాని నోట్లోంచి ఏమీ రాలలేదు.

"ఏటైనాదిరా?" అని అడిగింది లీలారాణి. గురువారం. వాన తెరిపివ్వలేదు.

కృపారావు అద్దాల గది గుమ్మంలో నిలబడ్డాడు. "ఇటు రా అక్కా. నువ్వటునుంచి లోపలికి రా, నేను ఇటునుంచి బయటికి వస్తాను. ఇద్దరం ఒకేసారి."

ఇద్దరూ గుమ్మంలో భుజాలు తగిలి ఇరుక్కున్నారు.

"కెమెరా పనీ గొట్టం పనీ లోపల ఎక్కడో ఇలాగే ఇరుక్కుంటున్నాయి. ఎవరూ తగ్గరు, అంతే, బిగుసుకుపోతుంది. ఇప్పుడు నేను ఈ గుమ్మానికి వాచ్‌మన్‌ని పెట్టాను. ఒకరి పేరు రాసుకునేలోగా ఇంకొకరు దాటిపోతున్నారు. మరి ఇరుక్కోవడం లేదు."

"అంటే నీ సూపుకే సగం నయమైపోతన్నాదా?"

"నయం కాదు. రోగం లోపలే ఉంది."

"ఆ మాటే కంపెనీవోడికి సెప్పు."

ఉన్న ట్రేస్ అంతా పంపి, ఆ మాటే ఫోన్లో చెప్పాడు. మెత్తటి గొంతు ఓపికగా విన్నది. "మీరు పంపిన ట్రేస్ అంతా చూశాం సర్. ఎక్కడా తప్పు లేదు. మీ నిఘాలో దొరకని లోపాన్ని మేమెలా ఒప్పుకుంటాం?" అంది. "మా యంత్రం బాగుందనే కదా సర్ దానర్థం." చివర థాంక్స్ కూడా చెప్పింది.

"సావుకార్ని పిలు," అంది లీలారాణి. "కాయితం మీద సాక్ష్యం దొరక్కపోతే పోనీ. తీస్తే సస్తాది, పెడితే నడుస్తాది, ఆ రెండూ ఆయన కళ్ళెదటే సూపించీ. కొన్నోడు ఆయన. ఆయన నమ్మితే ఎనక్కి తీసుకోమని కంపెనీతో దెబ్బలాడతాడు."

కృపారావుకి అది సబబుగా తోచింది. సబబు కాకపోయినా చేతిలో ఇంకో ఉపాయం లేదు.

శుక్రవారం పొద్దున్న నరసింగరావు కుర్చీ వేయించుకుని అద్దాల గదిలో కూర్చున్నాడు. ఆడవాళ్ళు బయట బారుగా నిలబడ్డారు; తలకి టోపీలు కూడా పెట్టుకున్నారు, పప్పు కలిసిపోగానే ఏరడానికి కూర్చోవాలి కదా. కృపారావు నిఘా తీసేశాడు. బెల్టు మీద పప్పు పోతోంది. నరసింగరావు ఒకసారి ఆవలించాడు. రెండోసారి ఆవలింతకి నోరు తెరిచి ఉండగానే తెర కొయ్యబారింది. గొట్టం ఊదడం మానేసింది. మచ్చపప్పూ మంచిపప్పూ జలజలా ఒకే డబ్బాలోకి దూకాయి.

"సూసినారా," అంది బయటినుంచి అసిరమ్మ, తనే గెలిచినట్టు.

కృపారావు యంత్రాన్ని లేపి, నిఘా పెట్టాడు. నడిచింది. గంట గడిచింది, ఇంకా నడిచింది. మళ్ళీ తీసి చూపించాడు, బిగుసుకుంది. మళ్ళీ పెట్టాడు, నడిచింది. కలిసిపోయిన పప్పు తొట్లలో పోగుపడింది.

"చూశారు కదండీ," అన్నాడు. గొంతులో కొంచెం ఉత్సాహం కూడా వచ్చింది అతనికి. "దుమ్ము అదే, కరెంటు అదే, మనుషులెవరూ ముట్టుకోలేదు. లోపం లోపలే ఉంది. నేను కాపలా పెడితే దాక్కుంటోంది, అంతే. రేపటిలోగా వాపసు ఇచ్చేయండి."

నరసింగరావు గడ్డం గోక్కున్నాడు. "కాపలా తీస్తే సస్తాది."

"అవునండి."

"పెడితే బతుకుతాది."

"అవునండి."

"మరి తియ్యడమెందుకు?"

ఇన్ని రోజులూ ఆ ప్రశ్న ఎదురుగానే ఉంది. కృపారావు కళ్ళు తెర లోపలికి చూస్తూ తెర బయటది చూడలేదు.

"అది మందు కాదండి," అన్నాడు. "పరీక్ష. రక్తపరీక్ష చేయించుకుంటే జ్వరం తగ్గుతుందా?"

"తగ్గితే మానేస్తానేటి? నాకు బీపీ మాత్ర ఉన్నాది. ఏసుకుంటే దిగుతాది, మానేస్తే లెగుస్తాది. అలగని నన్ను మాయమ్మకి వాపసిచ్చీసినారేటి?"

"రోజూ ఇలా పెట్టి ఉంచితే కాస్త నెమ్మదిగా నడుస్తుందండి."

"బల్ల కంటే నెమ్మదా?"

నరసింగరావుకే ఆ మాట కొంచెం ఎక్కువైందనిపించినట్టుంది. లీలారాణి వంక చూడకుండా, కిటికీ వంక చూస్తూ అన్నాడు. "నాకు మాత్రం సరదా ఏటి? కొనీవోడు మెషినీ పప్పు కావాలంటన్నాడు. పాడు మెషినీ అయితే వాపసిచ్చీవోడినే. నడిసీదాన్ని ఎలగిచ్చీగలను? కరెంటు పోయి వొస్తే మళ్ళీ ఆ కాపలా దానంతటదే లెగిసీలాగ రాసీ. నీకు కుదరదంటే సెప్పు, ఇశాపట్నం నుంచి ఎవల్నైనా పిలుస్తాను."

ఆయన ఫోను వస్తే పక్కకి వెళ్ళాడు. లీలారాణి లోపలికి వచ్చింది.

"అక్కా," అన్నాడు కృపారావు గొంతు తగ్గించి. "నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు. నేనే రాస్తాను. రాసేటప్పుడు ఒక్క అక్షరం తప్పు రాస్తే చాలు. ఇవాళ నడుస్తుంది. కరెంటు పోయిన రోజు మళ్ళీ ఉరేసుకుంటుంది. ఎవడికీ తెలీదు."

లీలారాణి తెర వంక చూసింది. ఆవిడ చూపుడువేలు బొటనవేలి మీద కదులుతోంది, గింజ తోస్తున్నట్టు. బల్ల దగ్గర లేనప్పుడు కూడా అది ఆగదు.

"అప్పుడు ఎవలు సేసినారంటారు?"

కృపారావు కీబోర్డు మీంచి చెయ్యి తీశాడు.

"మొదట్నుంచీ ఆళ్ళు అంటన్నదేటి? మెషినీది కాదు, మనుసులదే తప్పని. మేవు కాదనే కదా నిన్ను పిలిసినాం. ఇప్పుడు నువ్వు తప్పు రాస్తే, ఆళ్ళు సెప్పిందే నిజమైపోతాది." కొంచెం ఆగింది. "రాసీరా. సరిగ్గా రాయి."

"నేను రాకపోయినా బాగుండేది."

"నాను పిలిసినాను, నువ్వొచ్చినావు. ఇంతకీ ఇదేటి మెషినీరా, సూస్తుంటే సాలు బాగుపడిపోతన్నాది? మా ఎనకాల సూపర్‌వైజరు పొద్దల్లా నిలబడి సూసినాడు. మేవేటి బాగుపడినాం?"

అసిరమ్మ ఫక్కున నవ్వబోయి మానేసింది.

కృపారావు కూర్చున్నాడు. యంత్రం మొదలయ్యేటప్పుడు తనంతట తాను చేసుకునే పనుల్లో ఇదొకటి చేర్చాడు: డీబగ్ ఫైళ్ళ అర తెరవడం, రెండు డ్రైవర్ల పనులనీ నిఘాకి ఎక్కించడం, ఆపైన ట్రేసింగ్ ఆన్ చేయడం. అక్షరం అక్షరం సరిచూశాడు. విద్యార్థుల చేత ఎన్నోసార్లు చేయించిన పని; ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ చేయలేదు. కరెంటు తీసేసి మళ్ళీ పెట్టాడు. తెర నల్లబడి, వెలిగి, అక్షరాలు దొర్లి, చివరికి వరసలు పరిగెత్తడం మొదలెట్టాయి.

ఈ లోపల ఆడవాళ్ళు బల్లల దగ్గర కూర్చున్నారు. పొద్దుటి నుంచి యంత్రం పాడైన ప్రతిసారీ కలిసిపోయిన పప్పు తొట్లలో ఉంది. అది ఏరాలి కదా, ఎలా లేదన్నా ఇవాళ్టికి అదైనా ఉందని ముందుగా ఒక తొట్టి దించుకున్నారు. నరసింగరావు ఫోను జేబులో పెట్టుకుంటూ వచ్చి, బెల్టు వంక చూసి, తొట్ల వంక చూశాడు.

"దాన్ని మళ్ళీ సేత్తో ఏరడమెందుకు? దీంట్లోనే పోసీండి. ఎలగ నడుస్తాదో సూద్దుం."

బల్ల దగ్గర ఎవరూ కదలలేదు. తరవాత లీలారాణి లేచింది. అసిరమ్మ రెండో వైపు పట్టుకుంది. ఇద్దరూ తొట్టి మోసుకుని అద్దాల గదిలోకి వచ్చి, యంత్రం నోట్లో వంచారు. వెళ్ళి రెండోది తెచ్చారు. కృపారావు స్టూలు మీంచి లేచి చెయ్యి వేయబోతే, "నువ్వు దాన్ని సూడు," అంది అక్క.

అతను చూశాడు. గాలి తుస్సు తుస్సుమని ఊదుతోంది. మచ్చపప్పు ఒక డబ్బాలోకి, మంచిపప్పు ఇంకో డబ్బాలోకి పోతున్నాయి. తెర మీద వరసలు పైకి పోతూనే ఉన్నాయి. ఏ వరసలోనూ తప్పు లేదు.